మీథేన్ లెక్క మార్చిన వాలు



జీవితమంతా భౌతిక రసాయనం బోధించిన మాస్టారి పేరిట జరిగే సభలో ఒక రేటు స్థిరాంకం చరిత్ర చెప్పడం సముచితమనిపించింది. కథానాయిక హైడ్రాక్సిల్ రాడికల్. ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్, జత కుదరని ఒక ఎలక్ట్రాన్, అంతే. నేలమట్టం గాలిలో ఘన సెంటీమీటరుకు దాదాపు 2.5 లక్షల కోట్ల కోట్ల అణువులుంటే, అందులో హైడ్రాక్సిల్ వాటా సగటున 10 లక్షలు. ఒక్కొక్కటి బతికేది ఒక సెకను అటూ ఇటూ. అయినా గాలిలో చేరిన హైడ్రోకార్బన్లను ముందుగా పట్టుకునేది చాలావరకు ఇదే. ఓజోన్, సూర్యకాంతి, నీటి ఆవిరి కలిసి నేలకు దగ్గరి గాలిలో దీన్ని నిత్యం పుట్టిస్తున్నాయని హైరమ్ లెవీ 1971లో చెప్పాడు.

సెకనులో మాయమయ్యేదాని వేగం కొలవడం ఎలా? దారి చూపింది 1949లో కేంబ్రిడ్జిలో నోరిష్, పోర్టర్‌లు తెచ్చిన ఫ్లాష్ ఫొటాలిసిస్. ఆ పనికే వారు ఐగెన్‌తో కలిసి 1967 నోబెల్ అందుకున్నారు. అదే పద్ధతిని 1960ల చివర లాస్ అలమోస్‌లో గ్రైనర్ హైడ్రాక్సిల్ మీద ప్రయోగించాడు. నీటి ఆవిరి మీద ఒక్కసారి తీవ్రమైన కాంతి మెరిపిస్తే హైడ్రాక్సిల్ పుడుతుంది. అది అతినీలలోహిత కాంతిని ఎంత పీల్చుకుంటున్నదో చూస్తే ఎంత మిగిలిందో తెలుస్తుంది. కిటుకు ఎక్కడుందంటే, హైడ్రోకార్బన్‌ను రాడికల్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ వేయాలి. అప్పుడు దాని గాఢత మారనట్టే. మారేది రాడికల్ ఒక్కటే, అదీ చక్కని ఎక్స్‌పొనెన్షియల్ వక్రంలో. హైడ్రోకార్బన్ పెంచుతూ పోతే క్షీణవేగం సరళరేఖ మీద పెరుగుతుంది. ఆ రేఖ వాలే రేటు స్థిరాంకం. ఇదంతా ఒక్క ఉష్ణోగ్రతకే. పాత్రను వేడి చేసి మళ్లీ, ఇంకా వేడి చేసి మళ్లీ. చివరకు రేటు లాగరిథమ్‌ను ఉష్ణోగ్రత విలోమానికి ఎదురుగా గీస్తే వచ్చే రెండో వాలు ఉత్తేజన శక్తిని చెబుతుంది.

గ్రైనర్ 1970లో 300 నుంచి 500 కెల్విన్ల మధ్య ఆల్కేన్ల విలువలు ప్రచురించాడు. ప్రాథమిక, ద్వితీయ, తృతీయ కార్బన్ల మీది హైడ్రోజన్‌లకు తలా ఒక రేటు. ఏ ఆల్కేన్‌కైనా కిరాణా చిట్టాలా కూడుకోవచ్చునని చూపాడు. నా దృష్టిలో ఈ రంగంలో అంత పొదుపైన ఆలోచన మరొకటి లేదు.

మీథేన్ దగ్గర చిక్కొచ్చింది. అది మహా నెమ్మది. 298 కెల్విన్ల వద్ద ఈథేన్ దానికి సుమారు 40 రెట్లు వేగం, ప్రొపేన్ 170 రెట్లు, చెట్లు వదిలే ఐసోప్రీన్ 15 వేల రెట్లు. అంటే సిలిండర్‌లో ఇంకో హైడ్రోకార్బన్ పిసరంత కలిసినా, మనం కొలిచేది మీథేన్‌ను కాదు, కల్తీని. చల్లబరిచేకొద్దీ మీథేన్ ఇంకా మందగిస్తుంది కనుక తప్పు ఇంకా పెరుగుతుంది. అందుకే చాలా కొలతలు గది వేడిలోనూ, పైనా ఆగిపోయేవి. అక్కడి నుంచి కిందికి గీత పొడిగించడమే. ల్యాబ్ రికార్డులో ఆఖరి బిందువు దాటిన గీత కనబడితే మాస్టారు ఎర్ర సిరాతో కొట్టేసేవారని ఇక్కడున్న సగం మందికి గుర్తే.

1991లో బౌల్డర్‌లోని నోవా (NOAA) ప్రయోగశాలలో వాఘ్జియాని, మైసూరు విశ్వవిద్యాలయంలో చదువుకున్న రవిశంకర కలిసి 223 కెల్విన్ల దాకా దిగి కొలిచారు. ఒక లేజర్ రాడికల్‌ను పుట్టిస్తుంది, ఇంకో లేజర్ దాన్ని మెరిపిస్తుంది, మెరుపు తగ్గే తీరే గడియారం. వచ్చిన విలువలు అప్పటిదాకా వాడుకలో ఉన్నవాటికంటే తక్కువ. ఈనాటి సమీకరణం ప్రకారం 25 డిగ్రీల సెల్సియస్ నుంచి సున్నాకు వస్తే రేటు దాదాపు 40 శాతం పడిపోతుంది. 223 కెల్విన్ల వద్ద ఏడో వంతే మిగులుతుంది. తేడా గాజు గొట్టంలో ఆగలేదు. వాతావరణంలో మీథేన్ ఆయుష్షు అంతకుముందు అంచనా కన్నా పావువంతు ఎక్కువని తేలింది. గాలిలో ఉన్న మొత్తం తెలిసిందే, కరిగిపోయే వేగం తగ్గింది. కనుక వరిమళ్లు, పశువులు, చిత్తడి నేలలు, గనులు అన్నీ కలిసి ఏటా వదిలే మీథేన్ అంచనా నుంచి సుమారు 10 కోట్ల టన్నులు కొట్టేయాల్సి వచ్చింది. ఎవరూ పొలానికి వెళ్లి కొలవకుండానే!

ద్విబంధమున్న హైడ్రోకార్బన్ల తీరు వేరు. వాటికి హైడ్రాక్సిల్ అతుక్కుంటుంది, కనుక వేడి పెరిగితే వేగం తగ్గుతుంది. ఇథిలీన్‌ను లివర్‌మోర్‌లోని శాండియా ప్రయోగశాలలో టల్లీ 1980లలో వేడి చేసి చూసినప్పుడు, ఒక మధ్య ఉష్ణోగ్రతల పట్టీలో అతుక్కున్నది మళ్లీ ఊడిపోయి రాడికల్ తిరిగొస్తుండటంతో, క్షీణవక్రం తీరు తప్పింది. ఇంకా పైకి వెళ్తే అతుక్కోవడం మాని హైడ్రోజన్‌ను లాక్కుంటుంది.

ఉష్ణోగ్రతలో కిందివైపు ప్రయాణం ఫ్రాన్స్‌లోని రెన్‌లో సాగింది. వాయువును ప్రత్యేకమైన నాజిల్ గుండా ధ్వని కన్నా వేగంగా వదిలితే వ్యాకోచించి చల్లబడుతుంది. గడ్డకట్టడానికి గోడలే ఉండవు. 1994లో అక్కడి బృందం, బర్మింగ్‌హామ్ వారితో కలిసి, బ్యూటీన్‌లను 23 కెల్విన్ల వద్ద కొలిచింది. చల్లబడేకొద్దీ వేగం పెరిగింది. శక్తి అవరోధం లేని చర్య కనుక అందులో వింత లేదు. వింత 2013లో లీడ్స్‌లో, హైడ్రోకార్బన్ కాని మిథనాల్‌తో ఎదురైంది. అవరోధం ఉన్న చర్య అయినా, 200 కెల్విన్ల వద్ద కన్నా 63 కెల్విన్ల వద్ద దాదాపు వంద రెట్లు వేగంగా సాగింది. రెండు అణువులూ హైడ్రోజన్ బంధంతో కాసేపు అంటిపెట్టుకుని ఉంటాయి. ఆ వ్యవధిలో హైడ్రోజన్ అవరోధాన్ని ఎక్కకుండా క్వాంటమ్ సొరంగం గుండా దాటిపోతుంది. ఇలాంటి చర్యలు నక్షత్రాల మధ్య చలిలో జరగవన్న నమ్మకంతో వాటిని పక్కన పెట్టినవారు ఆ జాబితాను మళ్లీ తిరగేయాల్సి వచ్చింది.