బాలింత నిద్ర



కృష్ణాతీరపు మన పల్లెలలో తొలికాన్పునకు ఆడుబిడ్డను పుట్టినింటికి తెచ్చుకొందుము. పథ్యము, కాయము, శిశువు స్నానము శ్రద్ధతో చూతుము. బాలింత నిద్రను విచారింపము. మా అమ్మాయి పురిటిలో రాత్రులు ఏడ్చుచుండగా ‘మేము కనలేదా?’ యని గద్దించితిని. నా తప్పు తెలియుటకు నెల పట్టినది.

ప్రసవము కాగానే దేహమందలి కొన్ని హార్మోనులు వేగముగా తగ్గును. పసిబిడ్డ రెండు మూడు గంటలకొకసారి పాలకై లేచును. తొలిదినములలో బాలింత అకారణముగా కంటతడి పెట్టుట సాధారణమే. అది రెండు వారములలో తనంతట తగ్గును. అంతకు మించి నిలిచిన దుఃఖము వ్యాధి. బిడ్డ నిదురించినను తల్లికి కునుకు పట్టకుండుట దానికొక గుర్తు. దానికి చికిత్స కలదు.

తల్లి పొంతనలేని మాటలాడినను, తనకో బిడ్డకో హాని తలపెట్టినను, గాలి సోకినదని భూతవైద్యుని వెదకుచు ప్రొద్దుపుచ్చరాదు. ఆమెను ఒంటరిగా విడువక, 108 బండిని పిలిచి, వెంటనే విజయవాడ పెద్దాసుపత్రికి చేర్పవలెను. 2022 నుండి 14416 సంఖ్యకు ఫోను చేసినచో ప్రభుత్వపు మానసికారోగ్య సలహా తెలుగులో ఉచితముగా లభించుచున్నది.

పెద్దలారా, రాత్రి యొక జాము బిడ్డను మీరెత్తుకొనుడు. పాలకు మాత్రమే తల్లిని లేపుడు. ఆ నిద్రయు పథ్యములో భాగమే.