రేడియో క్లస్టర్‌కు నాకా ఎక్కడ పెట్టాలి?

(తార్నాకలో జరిగిన సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

తార్నాక పేరు గురించి పెద్దలు చెప్పే మాట మీలో చాలామంది వినే ఉంటారు. ఒకప్పుడు ఇక్కడి తోటకు తీగ కంచె ఉండేదట, దాని దగ్గర ఒక నాకా ఉండేదట. తార్ అంటే తీగ, నాకా అంటే వచ్చేవాణ్ణి ఆపి చూసే చోటు. మన ఇళ్లలో తార్ అంటే టెలిగ్రామ్ కూడా. "తార్ వచ్చింది" అనగానే గుండెలు దడదడలాడిన రోజులు ఇక్కడున్న పెద్దలకు గుర్తుండే ఉంటాయి. ఇవాళ నేను మాట్లాడేది వార్తల దారి మీద పెట్టే నాకా గురించి.

సందర్భం చెబుతాను. క్యాంపస్‌లో చదువుకునే మన పిల్లలు కొందరు హామ్ రేడియో, అంటే అమెచ్యూర్ రేడియో పరీక్షకు తయారవుతున్నారు. వాళ్లకు ఒక గది, ఒక రిసీవర్ ఏర్పాటు చేయాలన్న ప్రతిపాదన కమిటీ ముందుంది. ఒక దాత సూటిగా అడిగారు: "చేతిలో ఫోన్ ఉండగా ఈ రేడియో ఎందుకు? వీళ్లు నేర్చుకునేది ఏమిటి?" న్యాయమైన ప్రశ్నే. సొమ్ము ఇచ్చేవారికి అడిగే హక్కుంది. దీనికి చాలామంది "ఆపద వస్తే ఫోన్లు పనిచేయవు, రేడియో పనిచేస్తుంది" అని జవాబిస్తారు. అది నిజమే గానీ సగమే. ఆపదలో వార్త పంపడం ఒక పని. వచ్చిన వందల వార్తల్లో ఏది పట్టుకోవాలో తెలియడం ఇంకో పని. ఆ రెండోదాన్ని హామ్‌లు ఆపద లేని రోజుల్లోనే, ఆటలాగా, రోజూ సాధన చేస్తారు. దాని పేరు డీఎక్స్ క్లస్టర్.

హామ్ భాషలో డీఎక్స్ అంటే దూరపు స్టేషన్. ఫలానా దేశపు స్టేషన్ ఇప్పుడు ఫలానా ఫ్రీక్వెన్సీ మీద వినబడుతోందని ఒక హామ్ మిగతావారికి రాసి పంపే ఒక్క వరుస సమాచారమే స్పాట్. ఆ వరుసలో ఐదు విషయాలుంటాయి: చెప్పింది ఎవరు, ఏ ఫ్రీక్వెన్సీ, వినబడిన స్టేషన్ పేరు, ఒక చిన్న వ్యాఖ్య, సమయం. వరుస మొదట్లోనే "డీఎక్స్ డి" అని ఉండి, వెంటనే చెప్పినవారి కాల్‌సైన్ వస్తుంది. "డి" ఫ్రెంచి మాట, నుంచి అని అర్థం. ఎవరి నుంచి వచ్చిందో తెలియని స్పాట్‌కు ఈ పద్ధతిలో చోటే లేదు. సమయం కూడా అందరికీ ఒకటే, గ్రీనిచ్ లెక్కలో. మన గడియారంలోంచి ఐదున్నర గంటలు తీసేయాలి.

ఈ వరుసలను పంచిపెట్టే కంప్యూటర్లను నోడ్‌లు అంటారు. అవి ఒకదానికొకటి కలిసి ఉంటాయి. 1980లలో అమెరికాలో డిక్ న్యూవెల్ అనే హామ్ రాసిన ప్యాకెట్‌క్లస్టర్‌తో ఇది మొదలైంది. అప్పుడు నోడ్‌కూ ఇంటికీ మధ్య రేడియోనే దారి, వేగం సెకనుకు 1200 బిట్లు. లెక్క వేసి చూడండి. ఎనభై అక్షరాల వరుసకు 640 బిట్లు, అర సెకను పైమాటే. నోడ్‌కు ఇరవై మంది తగిలి ఉంటే ఇరవై మందికీ విడివిడిగా పంపాలి. ఒక్క స్పాట్‌కు పది సెకన్లు గాలి నిండిపోతుంది. అందుకని ఫిల్టర్ అవసరం మొదట దారి ఇరుకు వల్ల వచ్చింది. ఇప్పుడు ఇంటర్నెట్ వచ్చి దారి విశాలమైంది. ఇరుకు మనిషి కంటికి, బుర్రకు వచ్చి చేరింది.

ఎంత వరద వస్తుందో చెబితే మీకు నవ్వు వస్తుంది. 2008 నుంచి మోర్స్ సంకేతాలను తనంతట తానే విని చదివే సాఫ్ట్‌వేర్ వచ్చింది. దాన్ని స్కిమ్మర్ అంటారు. ప్రపంచమంతా పెట్టిన అలాంటి రిసీవర్ల సమూహం పేరు రివర్స్ బీకన్ నెట్‌వర్క్. పెద్ద పోటీ జరిగే వారాంతంలో ఇవి లక్షల్లో స్పాట్లు కుమ్మరిస్తాయి. అన్నీ చూడాలనుకుంటే తెర మీద అక్షరాలు కారుతున్న కొళాయిలా పోతూనే ఉంటాయి. చదవడం మాట అటుంచి, కన్ను ఆనే లోపలే వరుస పైకి వెళ్లిపోతుంది.

అందుకే జల్లెడ. చాలా నోడ్‌లలో నడిచే డీఎక్స్ స్పైడర్ అనే సాఫ్ట్‌వేర్‌లో జల్లెడ రెండు రకాలు. ఒకటి రిజెక్ట్: ఇలాంటివి నాకు వద్దు. రెండోది యాక్సెప్ట్: ఇలాంటివే నాకు కావాలి. ముందు రిజెక్ట్ చూస్తుంది, తర్వాత యాక్సెప్ట్. ఒక్కొక్క రకంలో సున్నా నుంచి తొమ్మిది దాకా పది వరుసలు రాసుకోవచ్చు. ఇక్కడే ఒక మెలిక ఉంది, పిల్లలు జాగ్రత్తగా వినాలి. రిజెక్ట్ మాత్రమే రాస్తే, మీరు వద్దన్నవి తప్ప మిగతావన్నీ వస్తాయి. యాక్సెప్ట్ ఒక్క వరుస రాసినా సరే, మీరు పేరు పెట్టి పిలవనిదంతా గేటు బయటే ఆగిపోతుంది. ఆగిపోయిందని కూడా మీకు తెలియదు. తెర ప్రశాంతంగా ఉంటుంది. ఆ ప్రశాంతతను నేను అంతగా నమ్మను. పెళ్లికి పిలుపుల జాబితా రాసుకున్నవాడికి, మరిచిపోయిన మేనమామ గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయిన సంగతి ఎవరు చెబుతారు?

మన ఊరి ఉదాహరణ తీసుకుందాం. హామ్‌లు ప్రపంచాన్ని నలభై జోన్లుగా విడగొట్టారు. మనది 22. శ్రీలంక, నేపాల్, మాల్దీవులు కూడా ఇందులోనే. కొత్తగా నేర్చుకునేవాడు ఏం చేస్తాడు? అరుదైన దేశాల జాబితా రాసి, అవి వస్తేనే చూపించమంటాడు. కానీ ఆ అరుదైన స్టేషన్‌ను విన్నది జర్మనీలోనో కాలిఫోర్నియాలోనో ఉన్న హామ్. అక్కడ వినబడితే తార్నాకలో వినబడాలని లేదు. తరంగాలు పైన అయనోవరణంలో వంగి దిగుతాయి. ఆ వంపు వేళను బట్టి, ఋతువును బట్టి, సూర్యుడి మచ్చలను బట్టి మారుతుంది. అందుచేత తెలివైన జల్లెడ ఇంకో ప్రశ్న అడుగుతుంది: చెప్పినవాడు నాకు దగ్గరివాడేనా? డీఎక్స్ స్పైడర్‌లో విన్నవారి జోన్‌ను బట్టి వడకట్టే వీలుంది.

సరే, 22వ జోన్‌వారు చెప్పినవే చూపించమని పెడితే? తెర దాదాపు ఖాళీ. మన ప్రాంతంలో స్పాట్లు రాసేవారు తక్కువ. కనుక పక్క జోన్లు కలుపుకోవాలి. తూర్పున 26, అంటే థాయిలాండ్, మయన్మార్. మన అండమాన్ కూడా ఆ జోన్‌లోదే. పడమట 21, అంటే దుబాయ్, దోహా, రియాద్, మస్కట్. హైదరాబాదు నుంచి ఒక మనిషైనా వెళ్లని వీధి ఆ ఊళ్లలో ఉందా? మన పిల్లలకు ఆ జోన్ నంబరు గుర్తుపెట్టుకోవడం కష్టం కాదు, ఇంటి నుంచి ఫోన్ చేసే దేశాలే అవి.

యంత్రం చెప్పినదాన్ని ఎంతవరకు నమ్మాలన్నది ఇంకో చిక్కు. మోర్స్‌లో మూడు చుక్కలు ఎస్, నాలుగు చుక్కలు హెచ్, ఐదు చుక్కలు అంకె ఐదు. గాలిలో ఒక చిటపట శబ్దం చుక్కగా చేరిందంటే ఎస్ కాస్తా హెచ్ అవుతుంది. లేని స్టేషన్ ఒకటి పుడుతుంది. ఆ పేరు చూసి వందమంది పరుగెత్తుతారు. దీనికి విరుగుడుగా, ఒకే పేరు ఒకే ఫ్రీక్వెన్సీ మీద వేర్వేరు చోట్ల ఉన్న రెండు మూడు రిసీవర్లకు వినబడితేనే లోపలికి వదిలే జల్లెడలు వచ్చాయి. మంచి ఉపాయమే. కానీ ఒక్క రిసీవర్‌కే వినబడిన నిజమైన బలహీన స్వరం కూడా తాలు గింజతో పాటు ఎగిరిపోతుంది.

మరి అందరి తరఫునా నోడే జల్లించి పంపవచ్చు కదా అని అడగవచ్చు. కొంత పని నోడ్ చేస్తుంది, చేయాలి కూడా. ఒకే స్పాట్ రెండు దారుల్లో వస్తే రెండోదాన్ని పారేస్తుంది. మరీ పాతదాన్ని, సమయం తప్పుగా ఉన్నదాన్ని ఆపుతుంది. బూతు మాటలు రాసేవారిని అడ్డుకుంటుంది. ఒక వార్త ఎన్ని నోడ్‌లు దాటవచ్చో లెక్క ఉంటుంది, దాటిన కొద్దీ లెక్క తగ్గి సున్నా దగ్గర ఆగిపోతుంది. లేకపోతే అది గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. అంతవరకే. ఏది ముఖ్యం, ఏది కాదు అన్న తీర్పు నోడ్ చేయదు. నోడ్‌కూ నోడ్‌కూ మధ్య మామూలుగా చాలావరకు నడుస్తాయి, చివరి మనిషి దగ్గర అతని పేరు మీద ఉన్న జల్లెడే పనిచేస్తుంది. ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చుతుంది. నాకాను ఊరి పొలిమేరలో పెడితే ఊరంతటికీ ఒకడే నిర్ణయిస్తాడు. గుమ్మం దగ్గర పెడితే ఎవరి అవసరం వారిది, పక్కింటికి వెళ్లే వార్త ఆగదు.

ఇప్పుడు 2004 సంగతి. మన హైదరాబాదులో 1983లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో, అండమాన్ దీవుల నుంచి హామ్ స్టేషన్ నడిపేందుకు అనుమతి తెచ్చుకుంది. 1987 తర్వాత అక్కడి నుంచి ఆ స్వరం వినబడలేదు. భారతీ ప్రసాద్ గారి ఆధ్వర్యంలో బృందం ఆ డిసెంబరులో పోర్ట్ బ్లెయిర్ చేరింది. వీయూ4ఆర్‌బీఐ, వీయూ4ఎన్‌ఆర్‌ఓ అన్నవి వాళ్ల కాల్‌సైన్లు. ఇలాంటి స్టేషన్ కోసమే హామ్‌లు ఏళ్ల తరబడి జల్లెడలు పెట్టుకుని కూర్చుంటారు. వీయూ4 అన్న మూడు అక్షరాలు కనబడితే చాలు, గంట మోగాలి.

డిసెంబరు 26 ఉదయం మన లెక్కలో ఆరున్నర కావస్తుండగా, స్పాట్ల గడియారంలో 0059కి, భూమి కంపించింది. తర్వాత సునామీ. దూరాల ఆట కోసం వెళ్లిన ఆ రేడియోలు, ఆ మనుషులు అక్కడి నుంచి క్షేమ సమాచారాలు, సహాయపు కబుర్లు మోసే పనిలో పడ్డారు. పోర్ట్ బ్లెయిర్ నుంచి, ఆ తర్వాత కార్ నికోబార్ నుంచి కూడా.

జల్లెడ దృష్టితో దీన్ని చూడండి. 25వ తేదీ రాత్రి వీయూ4 అన్న స్పాట్‌కు అర్థం "రండి, పిలవండి". 26వ తేదీన అవే అక్షరాలకు అర్థం "దయచేసి ఎవరూ పిలవకండి, ఫ్రీక్వెన్సీ ఖాళీగా ఉంచండి". ఏ ఫిల్టరూ ఈ తేడా పట్టలేదు. దానికి తెలిసింది అక్షరాలు, అంకెలు, జోన్లు. ఆపద వేళ పనిచేసే ఫ్రీక్వెన్సీని ఎవరైనా ఉత్సాహంగా స్పాట్ చేస్తే, వేల మైళ్ల దూరంలోని వేటగాళ్ల గంటలన్నీ ఒకేసారి మోగి, అందరూ అక్కడికే వస్తారు. మునుగుతున్నవాడి గొంతు మీద సంత కూడినట్టు. అందుకే ఆపద కోసం అంతర్జాతీయంగా చెప్పుకున్న 14.300 మెగాహెర్ట్జ్ వంటి చోట్ల ముందు కాసేపు వినాలి, ఆ తర్వాతే నోరు విప్పాలి. వ్యాఖ్య గడిలో ఏం రాసి ఉందో మనిషి చదవాలి.

ఆ దాత గారి ప్రశ్నకు నా జవాబు ఇక్కడుంది. 2020 అక్టోబరు 13, 14 తేదీల వానలు మరిచిపోయినవారు ఈ హాలులో లేరు. ఫలక్‌నుమా, హఫీజ్ బాబా నగర్, టోలీచౌకీ నదీమ్ కాలనీ. ఆ రోజుల్లో మన ఫోన్లకు వచ్చిన సందేశాలు ఎలా ఉండేవి? "మేడ మీద ఇరుక్కున్నారు, అన్నం పంపండి" అని ఉంటుంది. ఏ రోజు, ఎన్ని గంటలకు? లేదు. చెప్పింది ఎవరు? "ఫార్వర్డ్". అన్నం అందిన ఇంటి పేరు రెండో రోజూ తిరుగుతూనే ఉంటుంది, అందని ఇంటి పేరు కింద ఎక్కడో పడిపోతుంది. మరుసటి ఏడాది ఆక్సిజన్ సిలిండర్ల కోసం తిరిగిన సందేశాలదీ ఇదే కథ. ఖాళీ అయిపోయిన దుకాణం నంబరు వందల ఫోన్లు దాటుతూ పోయింది. దాటిన కొద్దీ తగ్గే లెక్క దానికి లేదు.

నలభై ఏళ్లుగా హామ్‌లు ఈ చిక్కుతోనే కుస్తీ పడుతున్నారు. చెప్పినవారి పేరు లేనిది తీసుకోకు. సమయం లేనిది తీసుకోకు. రెండుసార్లు వచ్చినదాన్ని ఒక్కటిగా లెక్కపెట్టు. దగ్గర ఉండి చూసినవాడి మాటకు ఎక్కువ విలువ ఇవ్వు. ఒక్కడే చెప్పినా సరే చెత్తబుట్టలో పడేయకు, పక్కన పెట్టి ఇంకొకరిని అడుగు. హాస్టల్ పిల్లలు రోజుకో గంట క్లస్టర్ ముందు కూర్చుంటే ఇది వేళ్లకు అలవాటవుతుంది. రేపు మన సహాయ శిబిరంలో ఫోన్ దగ్గర కూర్చోవడానికి నాకు కావలసింది అలాంటి కుర్రాడూ, అలాంటి అమ్మాయీ.

కమిటీకి నా సలహా ఒకటి. ముందే ఖరీదైన ట్రాన్స్‌మిటర్ కొనవద్దు. లైసెన్సు వచ్చేదాకా దాన్ని వాడకూడదు కూడా. పరీక్షలో రిస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు తరగతులున్నాయి, పన్నెండేళ్లు నిండినవారెవరైనా రాయవచ్చు. ఆ లోపల ఒక మంచి రిసీవర్, ఒక పాత కంప్యూటర్, డాబా మీద కట్టడానికి రాగి తీగ చాలు. 14 మెగాహెర్ట్జ్‌కు తీగ పొడవు సుమారు పది మీటర్లు, మధ్యలో రెండుగా కోసి కేబుల్ తగిలించాలి. హాస్టల్ వారి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. విద్యుత్ తీగలకు దూరంగా కట్టండి. మిగిలిన సొమ్మును పరీక్ష ఫీజులకు ఉంచండి.

మగ్రిబ్ నమాజ్ తర్వాత పక్క గదిలో ల్యాప్‌టాప్ పెడుతున్నాం. ఆ వేళకు ఈ బ్యాండ్ మామూలుగా యూరప్ వైపు తెరుచుకుని ఉంటుంది. మొదట జల్లెడ లేకుండా ఐదు నిమిషాలు చూపిస్తాను, తర్వాత 21, 22, 26 జోన్లు పెట్టి చూపిస్తాను. దాతలు కూడా రండి, ఏ వరుస ఆపాలో, ఏది వదలాలో మీరే చెప్పండి.