స్పానిష్ భవిష్యత్కాలం – మన "వస్తాను"
(గుణదలలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం సంగతి మాట్లాడకుండా ఈయన స్పానిష్ వ్యాకరణం ఎత్తుకున్నాడేమిటని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. కారణం ఉంది. మనలో చాలామంది మనుమలు అమెరికాలో ఉన్నారు. అక్కడి బడులలో పరభాషగా ఎక్కువమంది పిల్లలు చదివేది స్పానిష్. హ్యూస్టన్‌లో ఉన్న మా అమ్మాయి కూతురూ అదే తీసుకున్నది. ఆ పిల్లకు తెలుగు వింటే అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. ఆ భాష దారిలోనైనా పిల్ల దగ్గరకు పోదామని నేనూ ఒక పుస్తకం తెచ్చుకుని కూర్చున్నాను.

స్పానిష్‌లో భవిష్యత్తు చెప్పడం తేలిక. "కొమెర్" అంటే తినడం. ఆ మాటను విరవకుండా చివర ప్రత్యయం తగిలించడమే. కొమెరే – తింటాను. కొమెరాస్ – తింటావు. కొమెరా – తింటాడు లేక తింటుంది. కొమెరేమోస్ – తింటాము. కొమెరాన్ – తింటారు. ఒక డజను క్రియలకు మాత్రం మొదలు కాస్త మారుతుంది; "బెనిర్" అంటే రావడం, వస్తాను అనడానికి "బెంద్రే". తుది ప్రత్యయాలు అన్నిటికీ అవే.

ఆ ప్రత్యయాలు ఎక్కడివి? "అబెర్" అనే క్రియ నుంచి వచ్చాయి. దానికి మూలార్థం కలిగి ఉండటం. "నాకు తినడం ఉంది" అన్నది అరిగి అరిగి "తింటాను" అయింది. ఇది చదివినప్పుడు నాకు మన పెళ్ళి శుభలేఖ గుర్తుకు వచ్చింది. "తామెల్లరు విచ్చేయగలరు" అంటాము. అక్కడ "గల" శక్తిని చెప్పేది కాదు, జరగబోయేదాన్ని చెప్పేది. డబ్బు గలవాడు అన్నప్పటి "గల" అదే. ఎక్కడి స్పెయిన్, ఎక్కడి కృష్ణా జిల్లా!

ఇంకొకటి. వాడుకలో వాళ్ళు "బోయ్ ఆ కొమెర్" అంటారు. మాటకు మాట చెబితే "తినడానికి పోతున్నాను". మనం "తినబోతున్నాను" అనమూ? అందులోని "బో" మన పోవడమే. వాళ్ళ "బోయ్"కీ మన "బో"కీ చుట్టరికం మాత్రం లేదు, అది కాకతాళీయం.

తేడా ఉన్న చోటు చెబుతాను. "గుణదల తిరునాళ్ళు ఫిబ్రవరిలో జరుగుతాయి" అంటే ఏటా జరిగే సంగతా, వచ్చే ఫిబ్రవరి సంగతా? మన వాడుకలో రెంటికీ ఒకే రూపం. పుష్కరాలు పన్నెండేళ్ళకోసారి వస్తాయి, 2028లో కృష్ణకు వస్తాయి. రెండు చోట్లా "వస్తాయి"యే. స్పానిష్‌లో మామూలుగా జరిగేదానికి వర్తమానం, జరగబోయేదానికి భవిష్యత్తు వాడవచ్చు. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి గారు తద్ధర్మాన్ని భవిష్యత్తు నుంచి వేరు చేశారు. వాడుక ఆ గోడ తీసేసింది. నాకు అందులో లోపమేమీ కనిపించదు.

ఊహకు కూడా భవిష్యత్తునే వాడటంలో ఇద్దరమూ ఒకటే. "సెరాన్ లాస్ త్రేస్" అంటే, ఇప్పుడు మూడు అయి ఉంటుంది అని. ఇక్కడ ఉదయం పదకొండున్నర. హ్యూస్టన్‌లో అర్ధరాత్రి అయి ఉంటుంది, పిల్ల నిద్రపోతూ ఉంటుంది. రోజూ మా ఇంట్లో నడిచే వ్యాకరణం ఇదే.

ఇక మన ఆఫీసు భవిష్యత్తు ఒకటుంది: "తగు చర్య తీసుకొనబడును". ఎవరు తీసుకుంటారో అందులో ఉండదు. స్పానిష్ కాగితాల్లోనూ "సె తొమరాన్ మెదీదాస్" అని ఉంటుందిట, చర్యలు తీసుకోబడతాయి అని. గుమాస్తాలు అన్ని దేశాలలోనూ ఉన్నారు. నా పెన్షన్ సవరణ అర్జీకి ఒక కార్యాలయం వారు "పరిశీలించబడును" అని జవాబిచ్చి ఏడాదిన్నర అయింది. అందుకని మనవాళ్ళెవరైనా అర్జీ పట్టుకుని వెళితే, బల్ల వెనుక మనిషి చేత "చేస్తాను" అనిపించుకుని, తారీఖు అడిగి, పేరు రాసుకుని రండి. "చేస్తాను" అన్న మాటలో చేసే మనిషి ఉంటాడు, "బడును"లో ఉండడు.

పోయిన వేసవిలో పిల్ల వచ్చి నెల్లాళ్ళు ఉన్నది. తిరుగు ప్రయాణంనాడు గన్నవరం విమానాశ్రయానికి కారెక్కుతూ, "వెళ్తాను అమ్మమ్మా" అన్నది. మా ఆవిడ గుమ్మంలోనే ఆపింది. "అలా అనకూడదమ్మా, వెళ్ళొస్తాను అనాలి." పిల్లకు అర్థం కాలేదు. వెళ్తున్నప్పుడు వస్తాననడం ఏమిటని నా వంక చూసింది. "బోల్‌బెరే" అన్నాను. తిరిగి వస్తాను అని. "ఓ!" అని నవ్వి, మళ్ళీ దిగి వచ్చి, వాళ్ళ అమ్మమ్మ చేయి పట్టుకుని ఆ మాట తెలుగులోనే సరిగ్గా చెప్పి వెళ్ళింది.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. సెలవు. నమస్కారం.