బావినీటిలో కనపడని పాషాణం



బావినీరు మంచిదా కాదా అని అడిగితే మనవాళ్లు దోసెడు నీరు నోట్లో పోసుకుని చూచి చెబుతారు. ఉప్పనా, చప్పనా, తీపా అన్నది నాలుకే తేల్చేస్తుంది. పప్పు ఉడకకపోతే నీరు కఠినమని, టీ నల్లబడితే నీళ్లలో ఇనుము ఉన్నదని ఇంట్లో ఆడవారు మనకంటె ముందే కనిపెడతారు. ఆ పరీక్షలు పనికిరావని నేననను. అయితే ఈవేళ మీతో ముచ్చటించబోయేది నాలుకకు అందని సంగతి.

సీసం, కాడ్మియం, పాదరసం, క్రోమియం – వీటిని భార లోహాలంటారు. ఆర్సెనిక్, అనగా మన పెద్దలు పాషాణమన్నది, అచ్చంగా లోహం కాకపోయినా ఈ లెక్కలోనే వేస్తారు. ఇవి నీటిలో కరిగి ఉంటే రంగుండదు, వాసనుండదు, రుచి తెలియదు. తాగునీటికి మన దేశపు ప్రమాణం ప్రకారం లీటరుకు ఆర్సెనిక్ 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. సీసానికీ అదే హద్దు. కాడ్మియానికి 0.003, పాదరసానికి 0.001. ఈ అంకెలు చెవికి ఎక్కవు గనుక ఇంకో విధంగా చెబుతాను. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, మీటరు లోతు గల గుంట నిండా నీరు పెట్టండి. లక్ష లీటర్లు పడతాయి. అందులో ఒక్క గ్రాము ఆర్సెనిక్ కరిగితే చాలు, ఆ నీరంతా హద్దుమీదికి వస్తుంది. ఇంత కొద్దిపాటిని నాలుక ఎట్లా పట్టుకుంటుంది?

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. హైదరాబాదు పక్కన, నిన్నటి మెదక్ జిల్లాలో, నేటి సంగారెడ్డి జిల్లాలో పటాన్‌చెరు ఉన్నది గదా. 1970లలో అక్కడ కర్మాగారాలు వెలిశాయి. వాటి మురుగు నక్కవాగులో పడి మంజీర వైపు పారింది. వాగు నీరు పెట్టిన వరిచేలు చెడ్డాయి, బావులు చెడ్డాయి. అక్కడి నీటిలో ఆర్సెనిక్ ఉన్నట్లు పరిశోధకులు చూపారు. 1990లో వ్యవహారం సుప్రీం కోర్టు దాకా పోయింది, రైతులకు నష్టపరిహారం ఇప్పించారు. పరిహారం వచ్చినంత మాత్రాన బావి బాగుపడదనుకోండి, అది వేరే మాట.

కర్మాగారం లేని చోట కూడా ఈ బెడద రావచ్చు. బెంగాల్‌లో భూమి పొరల్లో సహజంగా ఉన్న ఆర్సెనిక్కే చేతిపంపు నీటిలోకి దిగింది. 1980ల మొదట్లో కలకత్తాలో చర్మవ్యాధుల వైద్యుల దగ్గరికి పల్లెవాళ్లు అరచేతులు, అరికాళ్లు గట్టిపడి, ఒంటిమీద చినుకులు పడ్డట్టు మచ్చలతో వచ్చారు. చేతులు మొరటుబారితే నాగలి పట్టినందుకే అనుకుంటాం మనం. ఏళ్లు గడిచిన మీదట క్యాన్సర్ కూడా వస్తుంది. బంగ్లాదేశ్‌లో తర్వాత లక్షల పంపులు పరీక్షించి, చెడ్డదానికి ఎర్ర రంగు, మంచిదానికి ఆకుపచ్చ రంగు వేశారు. పక్కపక్కనే ఉన్న రెండు పంపుల్లో ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ! అందుచేత పొరుగువాని బావి బాగుంటే మనదీ బాగున్నట్టే అనుకోవద్దు.

పరీక్షకు నీరు పట్టడంలోనే సగం పని ఉన్నది. తొలినాళ్లలో నేను ఒక ఊళ్లో మందు డబ్బా కడిగి అందులో నీరు పట్టుకుని పోయాను. ప్రయోగశాలలో వారు మూత వాసన చూచి, "ఇది బావినీళ్లా, మందునీళ్లా?" అని వెనక్కి పంపారు. ఎండలో పన్నెండు మైళ్ల సైకిలు ప్రయాణం వృథా. కాబట్టి సీసా ప్రయోగశాల వారినే అడిగి తెచ్చుకోండి. లోహాల పరీక్షకు వాళ్లు అందులో కొంచెం నత్రికామ్లం వేస్తారు. అది వేయకపోతే లోహం సీసా గోడలకు అంటుకుని లెక్క తక్కువ చూపుతుంది. ఆమ్లం వేసి ఇచ్చిన సీసాను కడగకూడదు, వేళ్లు పెట్టకూడదు. మోటారు కొంతసేపు నడవనిచ్చి, గొట్టంలో నిలిచిన నీరు పోయాక పట్టండి. బోరు లోతు, తేదీ, దగ్గరలో కర్మాగారం గాని చెత్తగుట్ట గాని ఉంటే అదీ చీటీమీద వ్రాయండి.

ఇక్కడ విస్తరణ మిత్రులు ఒకటి గమనించాలి. ఊళ్లో నీటి పరీక్ష కిట్టు ఉన్నది, చూశాం, అంతా బాగున్నదని చెప్పి వచ్చేస్తూంటాం. సాధారణంగా ఆ కిట్టులో చూచేది ఫ్లోరైడు, నైట్రేటు, ఇనుము వంటివి. సీసం, కాడ్మియం అందులో తేలవు. ఆర్సెనిక్‌కు వేరే కిట్టు కలదు. అందులో పుట్టిన వాయువు తగిలి కాగితం పసుపుపచ్చగా, ఇంకా ఎక్కువైతే గోధుమరంగుగా మారుతుంది. ఆ వాయువు విషం, గాలి ఆడే చోటనే చేయాలి. తక్కిన లోహాలకు జిల్లా ప్రయోగశాలకు పోవాల్సిందే. అక్కడ కూడా ఏ లోహం చూడాలో పేరుపెట్టి అడగండి. అడగకపోతే చూడరు.

ఇక తొలగించడం. నీరు కాచితే సరిపోతుందని చాలామంది నమ్మకం. కాచితే క్రిములు చస్తాయి గాని, నీరు ఆవిరై లోహం ఇంకా చిక్కబడుతుంది. చిల్లగింజ అరగదీస్తే బురద పేరుతుంది, కరిగిన లోహం పోతుందని నమ్మలేం. క్లోరిన్ కూడా క్రిముల కోసమే.

ఆర్సెనిక్‌కు విరుగుడు మన కొట్టంలోనే ఉన్నది, అది తుప్పు. ఇనుము తుప్పు పడుతున్నప్పుడు ఆర్సెనిక్‌ను తనకు అంటించుకుంటుంది. ఈ కిటుకుతోనే బంగ్లాదేశ్‌లో పుట్టిన శాస్త్రజ్ఞుడు అబుల్ హుస్సామ్ ఇనుప రజను, ఇసుక, బొగ్గు, ఇటుక ముక్కలతో బకెట్ల వడపోత చేశాడు. దానికి 2007లో అమెరికాలో పెద్ద బహుమతి వచ్చింది. మన మద్రాసు ఐఐటీలో ప్రదీప్ గారి బృందం ఇనుము సమ్మేళనంతోనే 'అమృత్' అనే వడపోత తయారుచేసింది. ఆర్.ఓ. యంత్రం చాలా లోహాలను ఆపుతుంది గాని, అది బయటికి వదిలే నీటిలో లోహం చిక్కబడి ఉంటుంది. ఆ గొట్టం పెరటి ఆకుకూర మడిలోకి పెట్టారంటే పని చెడ్డట్టే. ఏ వడపోత పెట్టినా, వడిసిన నీటిని కూడా మధ్యమధ్య పరీక్షించాలి. పాతబడిన ఇసుకను పెంటకుప్పలో వేయకూడదు.

పొలానికి పెట్టే నీరంతా వడపోయడం అయ్యే పని కాదు. అక్కడ పంటతో సర్దుకోవాలి. నీరు నిలిచిన మడిలో వరి ఆర్సెనిక్‌ను బాగా పీలుస్తుంది. తడిపి ఆరబెడితే తగ్గుతుంది. అయితే ఆరబెట్టిన మడిలో కాడ్మియం ఎక్కువ లాగుతుంది, అందుకని ఏది ఉన్నదో తెలియకుండా ఏ పద్ధతీ పట్టవద్దు. కాడ్మియం ఉన్న పుల్లనేలకు సున్నం మేలు. అటువంటి నీటితో ఆకుకూరలు మాత్రం వేయకండి. ఇంట్లో మంచినీటితో వండి గంజి వారిస్తే అన్నంలో ఆర్సెనిక్ కొంత పోతుంది.

ఒక ఊళ్లో ఒక పెద్దరైతు నన్ను పక్కకు పిలిచి, "అయ్యా, పరీక్షలో పాషాణమని తేలితే నా పొలం ఎవరు కొంటారు? పిల్ల పెళ్లి ఎట్లా చేయను?" అన్నాడు. వెంటనే నాకు జవాబు తోచలేదు. అప్పటికే ఆ ఇంట్లో అదే నీరు తాగుతున్నారు. చివరికి ఇట్లా అన్నాను: "మీ ఒక్కరిదే వద్దు, వీధిలో పది బావులూ ఒకే రోజు పట్టిద్దాం. మంచిదని తేలిన బావినుంచి తాగేందుకు అందరూ తోడుకోండి, తక్కినవి బట్టలుతకడానికి ఉంచండి. రేపు ఎవరినైనా పరిహారం అడగవలసివస్తే మీ చేతిలో కాగితం ఉంటుంది." ఆయన కొంతసేపు ఆలోచించి తాళంచెవి తీసుకుని మోటారు కొట్టం వైపు నడిచాడు. ఆ రోజు తొమ్మిది సీసాలు నింపాం. పదో బావి ఇంటికి తాళం వేసి ఉంటే మర్నాడు మళ్లీ వెళ్లాను.