పానగల్ పార్కు ప్రక్క అద్దెయిల్లు



మా కొల్లూరు ప్రాంతమున ఇల్లనగా వాకిలి, పెరడు, పశువుల కొట్టము. పొలము కౌలున కిచ్చుట మన మెరుగుదుము గాని, అద్దె యన్నమాట మనలో పెక్కుమందికి కొత్త. ఇప్పుడు పిల్లలు ఉద్యోగములకై పట్టణములు చేరుచున్నారు. ఇంటి అడ్వాన్సునకు ధనము మనలనే యడుగుచున్నారు. మా కుమారునికై చెన్నపట్టణమున, త్యాగరాయనగరమందు, పానగల్ పార్కు ప్రక్కనొక వాటా మాటాడి వచ్చితిని. ఆ సంగతులు మనవి చేసెదను.

ఆ పేట మనకు పరాయిది కాదు. 1923 ప్రాంతమున పెద్ద చెరువొకటి యెండగట్టి ఆ నేలపై వీధులు దీర్చిరి. పేటకు పిట్టి త్యాగరాయచెట్టిగారి పేరు. పార్కునకు 1921 మొదలు 1926 వరకు మద్రాసు ప్రధానమంత్రిగా నుండిన పానగల్లు రాజా, పానగంటి రామరాయనింగారి పేరు. ఇరువురును తెలుగువారే. 1953లో ఆంధ్రరాష్ట్రము వేరుపడి, చెన్నపట్టణము మనకు దక్కకపోయినను, ఆ పేర్లు నిలిచియున్నవి.

గాయకులు ఘంటసాల వేంకటేశ్వరరావుగారు 1940వ దశకమున సినిమా అవకాశములకై అచ్చటికి పోయి, సముద్రాల రాఘవాచార్యులుగారి యింట దిగిరట. ఆ యిల్లు చిన్నది. వారి కిబ్బంది కలుగరాదని, పార్కు కావలివానికి నెలకు రెండు రూపాయలిచ్చి రాత్రులు పార్కులోనే పరుండెడివారని చెప్పుదురు. రాఘవాచార్యులుగారు మన రేపల్లె చేరువ పెదపులివర్రువారు. నేటి అద్దె వినగానే నాకా రెండు రూపాయలే జ్ఞప్తికి వచ్చినవి.

ఇంటివారు పది నెలల అద్దె ముందుగా నిమ్మనిరి. అది ఆ పట్టణపు చిరకాలపు వాడుక. మాకది నాలుగెకరముల మాగాణిపై రెండేండ్ల కౌలు! తమిళనాట 2017లో చేసి 2019లో అమలు జరిపిన చట్టమున, వేరు ఒడంబడిక లేనియెడల మూడు నెలల అద్దెకు మించి పుచ్చుకొనరాదని యున్నది. ఆ 'వేరు ఒడంబడిక' యన్నచోటనే చిక్కు. పది నెలలని వ్రాసిన కాగితముపై మనవాడు చేవ్రాలు చేసినచో చట్టము మనకు తోడురాదు. కావున బేరమంతయు చేవ్రాలునకు ముందే జరుగవలెను. కౌలు కాగితములు చూచిన అలవాటున నేను ప్రతి పంక్తియు చదివించి వింటిని. ఇల్లు విడుచునాడు రంగులు వేయించుటకని ఒక నెల అద్దె పట్టుకొందురని యొక మూల వ్రాసియున్నది. కొట్టివేయుడంటిని. అడ్వాన్సు అయిదు నెలలకు దిగినది గాని, రంగుల మాట వారు విడువలేదు.

నీటి సంగతి కృష్ణయొడ్డున పుట్టినవారికి తట్టదు. 2019 వేసవిలో చెన్నపట్టణపు జలాశయములెండి జనులు లారీనీటికై బిందెలతో నిలిచిరి. బోరు కలదా, లారీనీటి ఖర్చెవరిది యని యడిగి తీరవలెను. వానకాలమున మరియొక చిక్కు. చెరువుండిన నేల గదా, నీరు తన పాతచోటు వెదకుకొనును; 2021 నవంబరులో ఆ వీధులు జలమయమైనవి. అందుచే క్రింది వాటా వలదంటిని.

పార్కును చూపి అద్దె హెచ్చుగా చెప్పుదురు. పార్కు ఇంటివారిది కాదు, కార్పొరేషనుది. భూగర్భపు మెట్రోరైలు స్టేషను పనులకై అందు కొంత భాగము తీసికొనిరి. మేము చూచిన రెండవ అంతస్తు కిటికీనుండి చెట్ల తలలును, ఆ పనుల యంత్రములును కూడ కనబడినవి. ఆ మాట చెప్పి అద్దెలో కొంత తగ్గించితిని.

నెలనెలా అద్దె కుమారుడే యిచ్చుకొనును. అడ్వాన్సు నేనిచ్చితిని, రసీదు నాయొద్దనే యున్నది.