వరి మడిలో విశ్వవిద్యాలయం

 

‘సుస్థిర అభివృద్ధి – విశ్వవిద్యాలయాల పాత్ర’ గురించి మాట్లాడమని కార్యదర్శిగారు చెప్పారు. ఈ పేరుతో జరిగే సదస్సులు కొన్ని చూశాను. బ్యానరు, శాలువా, జ్ఞాపిక, భోజనం. పెద్దవాళ్లు టీ దాకా ఉంటారు. అందుకని వాటిని వదిలేసి వరి గురించి చెబుతాను.

శ్రీ పద్ధతి మీలో చాలామందికి తెలుసు. అది పుట్టింది మడగాస్కర్‌లో. హెన్రీ ద లొలానీ అనే ఫ్రెంచి ఫాదరు అక్కడి రైతులతో కలిసి 1980లలో రూపొందించారు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు 1994లో అక్కడ పని మొదలుపెట్టింది మాత్రం అడవిని కాపాడటానికి. రణోమఫానా జాతీయ పార్కు చుట్టూ జనం అడవి నరికి, తగలబెట్టి వరి వేసుకుంటున్నారు. పల్లపు మడుల్లో దిగుబడి పెరిగితే గానీ ఆ గొడ్డలి ఆగదు. శ్రీ పద్ధతిని ప్రపంచానికి చెప్పిన నార్మన్ అప్‌హాఫ్ వరి శాస్త్రవేత్త కూడా కాదు, రాజనీతి శాస్త్రం ప్రొఫెసరు! పేరున్న వరి శాస్త్రవేత్తలు ఆ దిగుబడి లెక్కల్ని నమ్మలేదు. 2004లో పరిశోధన పత్రికల్లో గట్టిగానే ఖండించారు. ఆ వాదన మంచిదే అంటాను. ఎదురు చెప్పేవాడు లేని చర్చ చర్చే కాదు.

మన దగ్గరికి 2003లో వచ్చింది. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో విస్తరణ డైరెక్టరుగా ఉన్న డాక్టర్ ఆలపాటి సత్యనారాయణగారు శ్రీలంకలో చూసి వచ్చి, ఆ ఖరీఫ్‌లోనే రైతుల పొలాల్లో వేయించారు. ఎకరాకు రెండు కిలోల విత్తనం, 8–12 రోజుల నారు, 25 సెంటీమీటర్ల ఎడంలో ఒక్కొక్క మొక్క, నీరు నిలగట్టకుండా ఆరుతడి. నీటి పొదుపు కోసం పటాన్‌చెరు ఇక్రిశాట్, ప్రకృతి పరిరక్షణ సంస్థ డబ్ల్యుడబ్ల్యుఎఫ్ కూడా వచ్చి చేరాయి. 2006 నవంబరులో తొలి జాతీయ సదస్సు హైదరాబాదులోనే జరిగింది.

ఇక నా పరిధిలోకి వస్తాను. నేను మెకానికల్ వాణ్ణి. మడిలో నీరు నిలవకపోతే కలుపు పెరుగుతుంది. దానికి వీడర్ కావాలి. శంకువుల్లాంటి రెండు డ్రమ్ములున్న కోనోవీడర్ కాగితం మీద బాగుంటుంది. నల్లరేగడిలో దించితే మట్టి పట్టి కదలదు. బరువు తగ్గించాలి, పళ్లు మార్చాలి, పిడి ఎత్తు సరిచేయాలి. ఇది ప్రొఫెసరుకు తెలియదు, అధికారికి అసలే తెలియదు. తోసిన మనిషికి తెలుసు, ఊళ్లో వెల్డింగు షాపువాడికి తెలుసు. గీతలు గీసే మార్కరూ అంతే. తాడు, పుల్లలతో మొదలై ఇనప చువ్వల రోలరు దాకా వచ్చిందంటే రైతులు చేతులు పెట్టబట్టే.

అయినా శ్రీ వరి అనుకున్నంత విస్తరించలేదు. చాలామంది రైతులు పద్ధతి మొత్తం కాకుండా తమకు వీలైన అంశాలే తీసుకున్నారు. పెద్ద కారణం కూలీలు. ఎకరాకు ఇంతని ఒప్పుకుని, ముఠాగా దిగి గబగబా నాటే ఆడవాళ్లను, లేత మొక్కను ఒక్కొక్కటే పట్టుకుని గీతలు కలిసేచోట పెట్టమంటే మొదట్లో ఎంత ఆలస్యం! ఆ ఆలస్యానికి కూలి ఎవరిస్తారు? పైగా చేత్తో కలుపు తీసే పని వాళ్లది. వీడర్ వచ్చాక అది చాలాచోట్ల మగవాళ్ల చేతికి పోయింది. ఎన్ని రంగాలవాళ్లను కూర్చోబెట్టినా, ఈ నాట్ల ముఠాకు అందులో కుర్చీ దాదాపు లేదనే చెప్పాలి. నా దృష్టిలో అది చిన్న లోపం కాదు.

మనవాళ్లలో విశ్వవిద్యాలయాల్లో పనిచేసేవాళ్లు ఉన్నారు, నీటిపారుదలలో, బ్యాంకుల్లో ఉన్నారు. వేసవిలో బడి గదులన్నీ ఖాళీయే. రబీ కోతలయ్యాక ఒక రోజు ఇక్కడే కూర్చుందాం. నాట్ల ముఠాలను ముందుగా పిలుద్దాం, ఆ రోజు కూలి మన సంఘం ఇవ్వాలి. రెండు రకాల వీడర్లు నేను తెస్తాను. బడి వెనక మడిలో నీళ్లు పెట్టించే బాధ్యత హెడ్మాస్టరుగారిది.