మన చిమ్నీ, పక్కింటివాళ్ళ ఊపిరి

చలికాలం మొదలైంది కాబట్టి ఈ వారం పొగ గురించి నాలుగు మాటలు మాట్లాడుకుందాం. సిగరెట్టు పొగ కాదులెండి, మన ఇంటి చిమ్నీలోంచి పోయే పొగ.

మూడేళ్ళ క్రితం లండన్ శివార్లలో ఒక పాత ఇల్లు కొన్నాం. హాల్లో ఫైర్‌ప్లేస్ చూసి పిల్లలు గంతులేశారు. డిసెంబరు సెలవుల్లో విరిగిన బీరువా చెక్కలు అందులో వేసి వెలిగించాను. ఊళ్ళో తాతయ్యగారింటి చలిమంట గుర్తొచ్చి హాయిగా అనిపించింది. వారం రోజులు అదే పని.

తర్వాత కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది. మీ చిమ్నీ పొగ మీద ఫిర్యాదు అందింది, మీ ఇల్లు స్మోక్ కంట్రోల్ ఏరియాలో ఉంది, ఇకపై జాగ్రత్త అని. నాకు ఒళ్ళు మండింది. మన ఇంట్లో మనం మంట వేసుకుంటే తప్పా? అయినా పక్కవాళ్ళు ఎదురుగా వచ్చి చెప్పొచ్చు కదా!

కోపం తగ్గాక చట్టం చదివాను. 1952 డిసెంబరులో లండన్‌ను అయిదు రోజులు బొగ్గుపొగ, పొగమంచు కలిసి కమ్మేశాయి. నాలుగు వేలమంది పోయారని అప్పటి లెక్క. పన్నెండు వేలదాకా ఉండొచ్చని తర్వాతి పరిశోధకులన్నారు. దాని ఫలితమే 1956 నాటి క్లీన్ ఎయిర్ చట్టం. ఏ వీధులు పొగ లేని ప్రాంతాలో నిర్ణయించే అధికారం కౌన్సిళ్ళకు వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నది 1993 చట్టం. ఆ ప్రాంతాల్లో మామూలు ఫైర్‌ప్లేసులో కట్టెలు కాల్చకూడదు, పొగరాని ఇంధనమే వాడాలి. కట్టెలే కావాలంటే ప్రభుత్వం అనుమతించిన స్టవ్ ఉండాలి. ఇంగ్లండులో 2022 మే నుంచి, చిమ్నీ పొగకు కోర్టుతో పని లేకుండా కౌన్సిలే 175 నుంచి 300 పౌండ్ల దాకా జరిమానా వేయవచ్చు.

అయితే ఫిర్యాదులు వేలల్లో వస్తున్నా, జరిమానాలు మాత్రం చాలా కొద్ది. పొగ వచ్చేది రాత్రి, ఆఫీసు పనిచేసేది పగలు. అధికారి వచ్చేసరికి బూడిద మిగులుతుంది. కాబట్టి ఈ చట్టం నిలబడేది ఇరుగుపొరుగు మీదే.

ఆ సాయంత్రం పక్కింటి పెద్దావిడ దగ్గరికి వెళ్ళాను. తలుపు తీసి, "నేనే ఫోన్ చేశాను" అని తనే చెప్పింది. ఊపిరితిత్తుల జబ్బట. నేను మంట వేసిన రాత్రులు కూర్చునే నిద్రపోయిందట. 1952లో ఆమెకు ఆరేళ్ళు. అమ్మ చెయ్యి పట్టుకుని నడుస్తుంటే తన కాళ్ళు తనకే కనబడలేదని చెప్పింది. "కొత్తగా వచ్చారు, పిల్లలున్నారు, మొహం మీద ఎలా చెప్పను?" అంది. నా కోపానికి నాకే సిగ్గేసింది.

మన ఇళ్ళలో ఒక అనుమానం ఎప్పుడూ ఉంటుంది: మరి భోగి మంట సంగతేమిటి? పెరట్లో మంటకు ఈ చిమ్నీ నిబంధన వర్తించదు. కానీ పొగ పక్కవాళ్ళను పదేపదే ఇబ్బంది పెడితే 1990 నాటి పర్యావరణ రక్షణ చట్టం కింద కౌన్సిల్ నోటీసు ఇవ్వవచ్చు. అందుకని చిన్న మంట, ఎండిన కట్టెలు, ముందురోజే అటూ ఇటూ ఇళ్ళకు ఒక మాట. రంగు వేసిన చెక్కలు, ప్లాస్టిక్ అసలు వద్దు. పాత సామాను మంటలో వేసే అలవాటు ఇక్కడ మానుకుందాం.

మీ ఇల్లు ఏ ప్రాంతం కిందికి వస్తుందో కౌన్సిల్ వెబ్‌సైటులో చూసుకోండి. పొగతో మీరే బాధపడుతుంటే తేదీ, సమయం రాసి పెట్టుకుని ఫిర్యాదు చెయ్యండి, మొహమాటపడకండి. అంతకుముందు ఒకసారి తలుపు తట్టి చెప్పి చూడండి. నాకు ఎవరైనా ఆ మొదటి రాత్రే చెప్పి ఉంటే, ఆవిడ వారం రోజులు కూర్చుని నిద్రపోవలసిన అవసరం ఉండేది కాదు.